మూడో బేసు దగ్గర రాయి

బేస్‌బాల్ ఆట మొదలయ్యే ముందు లాంబర్ట్ వోగెల్ ఒక్కడే మైదానంలోకి నడిచేవాడు. సున్నపు గీతను తొక్కకుండా కాలెత్తి దాటేవాడు. బేసుల మధ్య ఎర్రమట్టిలో నేలను చూస్తూ మెల్లగా తిరిగేవాడు. ఉన్నట్టుండి వంగి ఒక చిన్న రాయి ఏరి జేబులో వేసుకునేవాడు. మళ్ళీ కొన్ని అడుగులు. మళ్ళీ వంగడం. డెబ్బై దాటిన మోకాళ్ళు. లేచేటప్పుడు ఎడమచెయ్యి తొడమీద ఆనించి, ఒక క్షణం అలాగే ఆగి, ఆ తరవాత నిటారయ్యేవాడు.

మా మైదానంలోనే కాదు, ఏ ఊరికి ఆడటానికి వెళ్ళినా అంతే.

ఎదుటి జట్లవాళ్ళకి అదొక తమాషా.

"ఏం లాంబర్ట్, కోళ్ళకా?" అని అరిచేవారు.

"మీవాడి పళ్ళకి," అనేవాడు తల ఎత్తకుండా.

నేలన పడి దొర్లుతూ వచ్చే బంతికి చిక్కుడుగింజంత రాయి తగిలినా చాలు, మొహం మీదికి లేస్తుంది. మా ఒడీలియా చుట్టుపక్కల భూములన్నీ రాళ్ళే. చలికాలం నేల గడ్డకట్టినప్పుడల్లా అడుగునుంచి కొత్తవి పైకి వస్తాయి. నాన్నలూ తాతలూ చేలల్లోంచి ఏరి గట్లమీద పోసినా తరగలేదు. లాంబర్ట్ మాత్రం మైదానంలో ఏరుతూనే ఉన్నాడు. నేను పుట్టకముందునుంచీ ఆయనే మా జట్టు మేనేజర్. జీతం లేదు. మాకూ లేదు. పొద్దున పాలు పితికి, చర్చికి వెళ్ళి, ఆదివారం మధ్యాహ్నం ఆడేవాళ్ళం.

ఆయన గ్రానైటు క్వారీలో పనిచేసి విరమించాడు. పేలుళ్ళకి ఎడమచెవి పోయింది. బెంచీమీద ఎప్పుడూ ఎడమ కొసన కాకుండా కుడి కొసన కూర్చునేవాడు. దాంతో పక్కన కూర్చున్నవాళ్ళెవరైనా చెవిటివైపే పడేవారు. ఆ చోటు మా క్లబ్బు కమిటీ పెద్ద హ్యూబర్ట్‌ది. ఆయనా లాంబర్టూ చిన్నప్పుడు ఒకే బడి. హ్యూబర్ట్ ఆటంతా సలహాలు చెప్పేవాడు. లాంబర్ట్ ఆటంతా ప్రశాంతంగా ఉండేవాడు.

తక్కువ మాట్లాడేవాడు. నేను మూడో బేసు దగ్గర నిలబడేవాణ్ని. ఒక్కోసారి బెంచీనుంచి వేలు ఎత్తి రెండడుగులు పక్కకు జరగమనేవాడు. జరిగేవాణ్ని. బంతి సరిగ్గా అక్కడికి వచ్చేది. ఒకసారి అడిగాను.

"అక్కడికొస్తుందని మీకెలా తెలిసింది?"

"తెలీదురా ఆర్నీ. పాతచోట నువ్వు విసుగ్గా కనబడ్డావు."

చర్చిలో ఫాదరు చెప్పిన మాటలు నేను చాలా మర్చిపోయాను. ఆ వేలు మర్చిపోలేదు.

ఆ ఏడు వానల్లేవు. మొక్కజొన్న మోకాలిదాకా ఎదిగి ఆగిపోయింది. నేల పలకలా బిగిసింది. ఆ వేసవి మొదటి ఆటలోనే మా క్యాచర్ క్లెమ్ చెయ్యి మాట వినడం మానేసింది.

బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని, పిచర్ విసిరిన బంతిని అందుకునేవాడు క్యాచర్. అందుకున్న ప్రతిసారీ ఆ బంతిని తిరిగి పిచర్‌కి వెయ్యాలి. మైదానంలో అంత తేలిక పని ఇంకొకటి లేదు. ఇరవై గజాల దూరం. ఎవరూ చూడను కూడా చూడరు. క్లెమ్‌ది ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లోకీ గట్టి చెయ్యి. రెండో బేసుకి దొంగతనంగా పరుగెత్తేవాణ్ని కూర్చున్నచోటునుంచే విసిరి అవుట్ చేసేవాడు. ఆ రోజు మాత్రం తిరిగి వేసిన బంతి పిచర్ డ్వేన్ తలమీదుగా పోయింది. అందరం నవ్వాం. క్లెమ్ కూడా నవ్వాడు. తరవాతిది డ్వేన్ కాళ్ళముందు పడింది. మూడోది వెయ్యబోయి చెయ్యి ఆపుకున్నాడు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ ఆపుకున్నాడు. ఇంక నవ్వలేదు.

దెబ్బ లేదు, నొప్పి లేదు. గట్టిగా విసరాల్సినచోట బాగానే విసురుతున్నాడు. ఆలోచించాల్సిన అవసరం లేనిచోట చెయ్యి ఆలోచిస్తోంది.

మర్నాడు లాంబర్ట్ నేను పనిచేసే పాలకేంద్రానికి వచ్చాడు. వెన్న పెట్టెలు సర్దుతున్నాను.

"వచ్చే ఆదివారంనుంచి, బేసుమీద ఎవడైనా ఉంటే, క్లెమ్ బంతి నీకేస్తాడు. గట్టిగా వేస్తాడు. పట్టుకుని డ్వేన్‌కివ్వు."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"ఎందుకని అడిగితే?"

"ఎవరడుగుతారు?"

"అందరూ."

"ఆర్నీ చేతులు ఊరికే ఉంటున్నాయని చెప్పు," అని, చల్లటి మజ్జిగ ఒక గ్లాసు తాగి వెళ్ళిపోయాడు.

అలా సాగింది ఆ వేసవి. డ్వేన్ విసరడం, క్లెమ్ అందుకోవడం, లేచి తుపాకీగుండులా నాకు వెయ్యడం, నేను నాలుగడుగులు నడిచి డ్వేన్ చేతిలో పెట్టడం. బేసులు ఖాళీగా ఉంటే క్లెమ్ తానే డ్వేన్ నిలబడి విసిరే దిబ్బదాకా నడిచి ఇచ్చి వచ్చేవాడు. ఆటలు సాగి సాగి సూర్యుడు చేలమీదికి దిగిపోయేవాడు. అంపైర్లు విసుక్కునేవారు. ప్రతి ఊళ్ళోనూ అరుపులే.

"క్లెమ్! పోస్టులో వెయ్యరా!"

"స్టాంపు అంటించావా?"

"పెళ్ళాం చేతికి జీతమైనా నువ్వే ఇస్తావా, ఆర్నీ చేత పంపుతావా?"

హార్ట్‌విక్‌లో ఒకడు తాడుకి బుట్ట కట్టి తెచ్చి, కంచెమీదనుంచి ఊపాడు. క్లెమ్ మెడ ఎర్రబడేది. ఇంటికెళ్ళాక కొట్టం గోడకి బంతి వేస్తూ ఉంటాడనీ, గోడకి కూడా సరిగ్గా తగలడం లేదనీ వాళ్ళావిడ మా ఆవిడతో చెప్పింది. ఈ ఏడు అయిపోయాక ఆట మానేస్తానన్నాడట. మానేస్తే ఏం? మానేస్తారు జనం. క్లెమ్ ఇరవయ్యారేళ్ళవాడు. ఆవులూ ఆదివారమూ తప్ప వాడికి ఇంకేమీ లేదు. ఆదివారం పోతే ఆవులే.

మాకు రెండో క్యాచర్ ఉన్నాడు, నోర్బ్. వాడికి బంతి అందుకోవడమూ వచ్చు, తిరిగి వెయ్యడమూ వచ్చు. హ్యూబర్ట్ ప్రతి ఆటలోనూ నోర్బ్ పేరు ఎత్తేవాడు. చెవిటివైపునుంచి ఎత్తేవాడు.

లాంబర్ట్ ఒక్కరోజు కూడా క్లెమ్‌తో ఆ సంగతి మాట్లాడలేదు. చిట్కాలు చెప్పలేదు. ఓదార్చలేదు. పక్కకు తీసుకెళ్ళి భుజం తట్టలేదు. వాడి ఆవుల గురించి అడిగేవాడు. వానెప్పుడొస్తుందనేవాడు. రాళ్ళు ఏరుకునేవాడు. అయినా మేం గెలుస్తూ పోయాం. ఎలా అంటే నేను సరిగ్గా చెప్పలేను. ఆ ముసలాయన బెంచీ కొసన కూర్చుని, తొమ్మిదిమందినీ ఒకే చూపులో ఉంచుకుని, ఒకడి వంకరని ఇంకొకడి చేత్తో మూసేవాడు. అలా మూసినట్టు మాకే తెలిసేది కాదు. నేనే క్లెమ్‌కి చెయ్యినై ఉన్నాను ఆ వేసవంతా. అదేదో మూడో బేసువాడి మామూలు పని అన్నట్టు అలవాటు పడిపోయాను.

ఆగస్టులో ఆఖరి ఆట హార్ట్‌విక్‌తో, వాళ్ళ మైదానంలో. గెలిచినవాళ్ళు రాష్ట్రపోటీలకి వెళతారు. ఒడీలియా వెళ్ళి చాలా ఏళ్ళయింది. ఊరు ఊరంతా పికప్పు బళ్ళమీద వచ్చింది. సాసేజులు కాలుతున్న పొగ, బీరు, బంగాళాదుంప సలాడు గిన్నెలు. బుట్టవాడు బుట్టతో సహా వచ్చాడు.

లాంబర్ట్ గీత దాటి దిగాడు. ఆ రోజు ఎక్కువసేపు ఏరాడు. జేబు బరువుకి ప్యాంటు ఒకవైపు జారింది. మూడో బేసు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

తొమ్మిది వంతుల ఆటలో ఎనిమిదో వంతు దాకా మేం ఒక్క పరుగు ముందున్నాం. అప్పుడు వాళ్ళవాడు కొట్టిన బంతి నేలమీద సూటిగా నా వైపు వచ్చింది. వంగాను. చెయ్యి పెట్టిన చోటికే వస్తోంది. ఆఖరి గజంలో ఎక్కడో ఎగిరింది. తరవాత నాకు తెలిసింది ఆకాశం. చెంప ఎముక మీద తగిలిందట.

కళ్ళు తెరిచేసరికి లాంబర్ట్ నా గడ్డం పట్టుకుని చూస్తున్నాడు. కన్ను బాగానే ఉందని చూసుకున్నాడు. ఆ తరవాత నన్ను కాదు, నేలను చూశాడు. మట్టిలో చిన్న గుంట. పక్కన గోరంత తెల్లరాయి.

"ఒకటి వదిలేశాను," అన్నాడు.

నన్ను బెంచీకి తెచ్చారు. తువ్వాల్లో మంచుముక్కలు కట్టి చెంపకి పెట్టుకుని, జీవితంలో మొదటిసారి ఆట నడుస్తుండగా ఆయన కుడిచెవి వైపు, మెట్టుమీద కూర్చున్నాను. నా చోటులోకి విర్గ్ వెళ్ళాడు. విర్గ్ మా ఊళ్ళో జుట్టు కత్తిరిస్తాడు. బ్యాటు పడితే బాగా కొడతాడు. బంతి పట్టుకోవడం వేరే సంగతి.

తొమ్మిదో వంతు, అంటే ఆఖరిది. హార్ట్‌విక్‌వాళ్ళు ఇద్దరు అవుటయ్యారు. ఒకడు రెండో బేసుమీద ఉన్నాడు. ఇంకొక్కడు అవుటైతే మేం వెళతాం. డ్వేన్ విసిరాడు. క్లెమ్ అందుకున్నాడు, లేచాడు, అలవాటు ప్రకారం మూడో బేసుకి వేశాడు. ఆ వేగం విర్గ్ ఎన్నడూ చూడలేదు. బంతి వాడి అరచేతికి తగిలి పక్కకు దొర్లింది. వెతుక్కుని తెచ్చేసరికి పరుగెత్తేవాడు మూడో బేసుమీద ఉన్నాడు. ఇంకో ముప్పై గజాలు పరుగెత్తి క్లెమ్ ముందున్న హోమ్ బేసు తొక్కితే సమం.

కంచెమీద బుట్ట ఊగింది.

"క్లెమ్, ఇందులో వెయ్యి నాయనా! పోగొట్టను!"

క్లెమ్ ముసుగు తీసి మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. అంత దూరంనుంచి కూడా వాడి చెయ్యి కనబడుతోంది. వేళ్ళు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి.

హ్యూబర్ట్ లేచాడు. చెవిటివైపు వదిలి, నన్ను తోసుకుంటూ కుడివైపుకి వచ్చాడు.

"లాంబర్టూ, ఇప్పుడు వినబడుతోందా? విర్గ్ పట్టలేడు. క్లెమ్ డ్వేన్‌కి వెయ్యలేడు. వేస్తే ఎటో పోతుంది, ఆ పరుగెత్తేవాడు హోమ్‌కొచ్చేస్తాడు. నోర్బ్‌ని దింపు. ఒక్క బంతి, రెండు బంతులు. దానికి కూడా పౌరుషమా నీకు?"

"పౌరుషం కాదు."

"మరేంటి?"

లాంబర్ట్ మైదానంనుంచి చూపు తిప్పలేదు.

"నేను క్వారీలో ఏం చేసేవాణ్నో నీకు తెలుసుగా."

"రాళ్ళు మోసేవాడివి."

"అంతకుముందు సమాధి రాళ్ళమీద పేర్లు చెక్కేవాణ్ని. ఒకసారి ఉలి జారి పెచ్చు లేచింది. చిన్నపిల్ల రాయి అది. మర్నాడు సుత్తి ఎత్తితే చెయ్యి దిగలేదు. మేస్త్రీ చాలా మంచివాడు. కొన్నాళ్ళు రాళ్ళు మొయ్యి లాంబర్ట్, కుదుటపడ్డాక చెక్కుదువుగాని అన్నాడు." జేబులో రాళ్ళు కదిపాడు. "ఆ కొన్నాళ్ళూ రిటైరయ్యేదాకా సాగాయి."

వాళ్ళిద్దరిదీ అరవయ్యేళ్ళ స్నేహం. ఈ సంగతి హ్యూబర్ట్‌కి తెలీదని మొహం చూస్తే తెలిసింది.

లాంబర్ట్ టైం అడిగాడు. అంపైర్ చేతులెత్తాడు. ఇక ఆట మళ్ళీ మొదలయ్యేదాకా ఎవరూ పరుగెత్తడానికి లేదు.

ఆయన లేచి, గీతను దాటి, పిచర్ దిబ్బవైపు నడిచాడు. దారిలో ఒకచోట వంగాడు. మా ఊరివాళ్ళలో సగంమంది మూలిగారు. దిబ్బ ఎక్కి చెయ్యి చాపాడు. డ్వేన్ బంతి ఇచ్చాడు. మేనేజర్ బంతి అడిగాడంటే పిచర్‌ని మారుస్తున్నాడని అర్థం. మాకింకో పిచర్ లేడు. బెంచీమీద అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

క్లెమ్ కూడా దిబ్బ దగ్గరికి వచ్చాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో తరవాత డ్వేన్ చెప్పాడు.

"క్లెమ్, మీ నల్లావు ఈనిందా?"

"ఇంకా లేదండీ. ఈ వారమే."

"మొదటి ఈతేనా?"

"అవునండీ."

"దగ్గరుండు. ఊరికే చెయ్యి మాత్రం పెట్టకు. దాని పని అది చేసుకుంటుంది."

అంపైర్ వచ్చి, "లాంబర్ట్, పశువుల సంత ఇక్కడ కాదు. మారుస్తున్నారా లేదా?" అన్నాడు.

"లేదు. వెళ్తున్నా. క్లెమ్, ఈ దిబ్బ దిగాలంటే నా మోకాళ్ళవల్ల కావటం లేదురా. కాస్త గీతదాకా చెయ్యివ్వు."

క్లెమ్ తొడుగున్న చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ మెల్లగా మావైపు వచ్చారు. వంగి వంగి రాళ్ళు ఏరే ముసలాయన ఎన్నడూ ఎవరి చెయ్యీ అడగలేదు. జనం కూడా కాస్త అరుపులు తగ్గించారు. బుట్ట ఆగింది.

గీత దగ్గర లాంబర్ట్ నిలబడ్డాడు. తన చేతిలోకి చూసుకున్నాడు.

"అరె, ఇది నా దగ్గరే ఉండిపోయిందే. డ్వేన్‌కి వేసెయ్యి."

క్లెమ్ ఆయన పాదాలను చూస్తున్నాడు, గీత దగ్గర తడబడతాడేమోనని. అలా చూస్తూనే రెండో చేత్తో బంతి తీసుకున్నాడు. తల ఒక్కసారి తిప్పి, వేశాడు.

హోమ్‌నుంచి దిబ్బ ఎంత దూరమో అక్కడినుంచీ దాదాపు అంతే దూరం. బంతి మెత్తగా లేచి, మెత్తగా వంగి, డ్వేన్ గుండెకెదురుగా దిగింది. డ్వేన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"గీత ఉందండీ, చూసుకోండి," అన్నాడు క్లెమ్.

లాంబర్ట్ కాలెత్తి గీత దాటాడు. అప్పుడు క్లెమ్ ఆగిపోయాడు. తన చేతిని చూసుకున్నాడు. డ్వేన్‌ని చూశాడు. హ్యూబర్ట్ నోటిదాకా ఎత్తిన పొద్దుతిరుగుడు గింజలు అక్కడే ఉండిపోయాయి. నాకు చెంప నొప్పి తెలియలేదు. వేసవంతా నేను ఆటకి ఎన్నోసార్లు మోసిన బరువు నా ఎదుటే గాలిలో తేలి వెళ్ళింది. పెద్ద వాన ముందు చేలు నిశ్శబ్దమైనట్టు ఉంది.

క్లెమ్ తన చోటికి పరుగెత్తాడు. లాంబర్ట్ వచ్చి కూర్చుని మోకాళ్ళు రుద్దుకున్నాడు.

డ్వేన్ విసిరాడు. కొట్టినవాడి బ్యాటు గాలిని కొట్టింది. క్లెమ్ లేచాడు. మూడో బేసుమీదివాడు ముందుకు వంగి కాచుకున్నాడు. విర్గ్ చేతులు చాపి, "నాకెయ్యి, నాకెయ్యి!" అంటున్నాడు. క్లెమ్ విర్గ్‌ని చూశాడు. తరవాత డ్వేన్‌ని చూశాడు. డ్వేన్‌కి వేశాడు. అందమైన విసురు కాదు. కాస్త కిందికి పోయింది. కానీ చేరింది. బుట్టవాడు నోరు తెరిచి, అలాగే మూసుకున్నాడు. ఆ తరవాతి బంతీ చేరింది. అది మామూలుగా వెళ్ళింది. ఎవరూ చూడాల్సిన పనిలేనంత మామూలుగా.

ఇక్కడ ఆగిపోతే బాగుండును. ఆట అలా ఆగదు. తరవాతి బంతిని వాళ్ళవాడు కుడివైపు గడ్డిలోకి కొట్టాడు. సమం. ఆ తరవాతివాడు ఇంకా దూరం, కంచెదాకా కొట్టాడు. మొదటి బేసుమీదివాడు ఆగకుండా తిరిగి హోమ్‌కి వచ్చేశాడు. అయిపోయింది. ఎవరి తప్పూ లేదు. బాగా కొట్టారు.

వరుసగా నిలబడి చేతులు కలిపాం. ఆడవాళ్ళు సలాడు గిన్నెలు మూతలు పెట్టి బళ్ళలో సర్దుతున్నారు. హ్యూబర్ట్ గొణుగుతూనే ఉన్నాడు, "ఓడిపోయి కూడా వీళ్ళ సంబరమేంటి?" అని. బళ్ళ మధ్య గులకదారిలో క్లెమ్, డ్వేన్ ఎదురెదురుగా నిలబడి బంతి వేసుకుంటున్నారు. ఒకడినుంచి ఒకడికి, ఒకడినుంచి ఒకడికి. పొద్దు వాలేదాకా ఆపలేదు. క్లెమ్ వాళ్ళావిడ బండిలో కూర్చుని, తాళంచెవి ఒళ్ళో పెట్టుకుని, పిలవకుండా చూస్తోంది.

లాంబర్ట్ పికప్పు వెనకపలక దించి కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. దగ్గరికి వెళ్ళాను.

"ఆ బంతి నిజంగానే మర్చిపోయారా?"

"ఏంటీ?"

ఎడమవైపు నిలబడ్డానని గుర్తొచ్చి కుడివైపుకి వెళ్ళి మళ్ళీ అడిగాను.

"వయసురా ఆర్నీ," అన్నాడు. "చేతిలో ఏముందో గుర్తుండటం లేదు." బూటు బోర్లించి దులిపాడు. అందులోంచి కూడా ఒక రాయి పడింది.

మర్నాడు ఇంకా పన్నెండు కాకముందే హార్ట్‌విక్‌నుంచి అర్బన్ పాలకేంద్రానికి ఫోను చేశాడు. వాళ్ళ మైదానం చూసుకునేది అతనే.

"ఏమయ్యా, మీ ముసలాయనకి మతి ఉందా?" అన్నాడు.

తెల్లవారి మంచు ఆరకముందే వచ్చారట ఇద్దరూ, క్లెమ్ పాలు పితకడం అయ్యాక, వాడి బండిలో. లాంబర్ట్ మూడో బేసు పక్కన కాఫీ డబ్బా పట్టుకుని నిలబడ్డాడట. క్లెమ్ మోకాళ్ళమీద మట్టిలో పాకుతూ, రాయి దొరికినప్పుడల్లా ఉన్నచోటునుంచే విసురుతున్నాడట. టంగుమని డబ్బాలో పడుతోందట. కాస్త దూరంనుంచి, ఇంకాస్త దూరంనుంచి.

"ఒక్కటీ బయట పడలేదయ్యా," అన్నాడు అర్బన్. "నేను ముసలాయన్ని అడిగాను, ఇక్కడ వచ్చే ఆదివారం మాది ఆట, మీది కాదుగా, మీకెందుకు అని."

"ఏమన్నాడు?"

"ఎవరిదైతేనేం, అక్కడ ఎవడో ఒకడు నిలబడతాడుగా అన్నాడు."

తరవాత లాంబర్ట్ ఆ చోటంతా దంతెతో చదును చేశాడట. డబ్బా తీసుకుని బండివైపు నడిచాడట. ముందురోజు ఆటలో సున్నం చెరిగిపోయి గీత ఎక్కడుందో కనబడటం లేదు. అయినా అది ఉండాల్సిన చోట కాలెత్తి దాటాడట.